ప్రహసనమును రాజదండమును

పాణినీయమున ఆక్రోశమను అర్థమును నిమిత్తముగా గైకొని చేసిన విధులు కొన్ని కలవు. ఆక్రోశమనగా తిట్టు. తిట్టునకు వ్యాకరణముతో నేమి పని యని బాలవిద్యార్థులు మొదట ఆశ్చర్యపడుదురు. ఒక్క యుదాహరణము చాలును. ‘పుత్రాదిని’ యనగా బిడ్డను దినునది. ఒక స్త్రీని తిట్టుచు ఆ మాట యన్నచో అందలి తకారమునకు ద్విత్వము రాదు. తన పిల్లలను నిజముగా దిను జంతువును గూర్చి ఉన్న సంగతిగా ఆ మాటయే యన్నచో ద్విత్వము కలుగవచ్చును. పదమొకటియే, పలుకువాని తాత్పర్యము మారగా రూపము మారినది. ఇంత సూక్ష్మముగా తిట్టును దూచిన శాస్త్రకారుడు, తిట్టినవాడెవ్వడు, తిట్టు తిన్నవాడెవ్వడు, వారి కులమేమి, అధికారమేమి యని మాత్రము అడుగలేదు.

అంతకంటెను మెచ్చదగినది మఱియొకటి కలదు. నిందింపదగిన వానిని నిందావాచకముతో సమసింపజేయు విధికి వ్యాఖ్యాతలు చూపిన మొదటి యుదాహరణము ‘వైయాకరణఖసూచి’. ప్రశ్న యడిగినచో సమాధానము దోపక ఆకాశము వంక చూచు వైయాకరణుడని దాని యర్థము. తిట్టునకు లక్ష్యము కావలసివచ్చినపుడు వైయాకరణులు పొరుగు శాస్త్రమువానిని వెదకికొనక తమవానినే ముందు నిలిపిరి. మీమాంసకుని వంతు తరువాత వచ్చినది. మా గురువులు ఈ యుదాహరణము చెప్పునపుడెల్ల తామును ఒకమాఱు పైకప్పు వంక చూచి నవ్వెడివారు.

అయితే తిట్టును దూచుటకు మన దేశమున వేఱొక త్రాసు కూడ ఉండెను. దానిని దాచుట సత్యము కాదు. మనుస్మృతి అష్టమాధ్యాయమున వాక్పారుష్యమునకు చెప్పిన దండములు వర్ణమును బట్టి మారును. బ్రాహ్మణుని దూషించిన క్షత్రియునకు 100 పణములు, వైశ్యునకు 150 గాని 200 గాని, శూద్రునకు దేహదండనము. అదే బ్రాహ్మణుడు క్షత్రియుని దూషించినచో 50, వైశ్యునైనచో 25, శూద్రునైనచో 12. ఇచట దూషణవాక్యము ఏమన్నది ప్రధానము కాదు. అది యే నోటినుండి బయలుదేఱి ఏ చెవిని జేరినదో అదియే ప్రధానము. కౌటిల్యుడును ఎక్కువ తక్కువల భేదమును పాటించెను గాని, మాటయొక్క తీరును కూడ లెక్కకు దెచ్చెను. ఒంటికన్నువానిని ఒంటికన్నువాడన్నచో 3 పణములు; కన్నులు సరిగా నున్నవానిని అట్లన్నచో 6; ఒంటికన్నువానిని ‘చక్కని కన్నులవాడా’ యని పరిహసించినచో 12. నిజమునకంటె అబద్ధమునకు రెట్టింపు, అబద్ధమునకంటె ఎగతాళికి రెట్టింపు. హాస్యముయొక్క పదునెంతటిదో అర్థశాస్త్రకర్త ఎఱుగును.

ఈ రెండు త్రాసులలో ప్రహసనకారుల విషయమున ఏది వాడబడినది యనునదియే ఈ వ్యాసమునకు విషయము. దీనికి నేను గైకొనిన ముఖ్యనిదర్శనము వంగదేశమున 1861 మొదలు 1876 వఱకు జరిగిన కథ. మనుస్మృతిలోని హెచ్చుతగ్గుల దండములను అనాగరికమని యెత్తిచూపి, ఎల్లరకు ఒకే ధర్మమని చాటిన ఆంగ్లప్రభుత్వము వారు, నవ్వించువాని నాలుక విషయమున ఆ పాత గణితమునే క్రొత్త లిపిలో వ్రాసికొనిరని నా యభిప్రాయము. ఆ కథలో పుట్టిన చట్టము మన మద్రాసు రాజధానికిని వచ్చినది గావున ఇది మనకు పరాయి చరిత్ర కాదు.

ముందుగా మన నాట్యశాస్త్రమునే యొకమాఱు చూడవలెను. అందు మొదటి యధ్యాయమున తొలి నాటకప్రయోగము చెప్పబడినది. ఇంద్రధ్వజోత్సవమున భరతపుత్రులు దైత్యుల పరాజయమును అభినయింప, చూచుచున్న దైత్యులకు కోపము వచ్చినది. విరూపాక్షుడు మొదలగువారు విఘ్నులతో గూడి నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేసిరి. ఇంద్రుడు ధ్వజదండముతో వారిని మోది చెదరగొట్టెను; జర్జరమను పేరు ఆ దండమునకు అట్లు వచ్చినది. పిమ్మట బ్రహ్మ దైత్యులను సామవాక్యములతో అనునయించి, నాట్యము మీ కొఱకును వారి కొఱకును కాదు, మూడు లోకముల నడవడిని అనుకరించునది, కోపింపవలదని చెప్పెను. ఉత్తమమైన సమాధానమే. కాని గ్రంథము చివర చూడుడు. కొంతకాలమునకు ఆ భరతపుత్రులే విద్యాగర్వమున ఋషులను ఎగతాళి చేయుచు గ్రామ్యమైన ప్రహసనమును ప్రయోగించిరి. ఋషులు కోపించి, మీ జ్ఞానము నశించుగాక, మీరును మీ వంశమును శూద్రాచారులగుదురుగాక యని శపించిరి. ఈసారి లోకానుకరణమని చెప్పి ఋషులను అనునయించిన వారెవ్వరును లేరు. దేవతలే పోయి బ్రతిమాలుకొనినను నాట్యము నశింపదను మాట మాత్రమే దక్కినది, శాపము తీఱలేదు. దైత్యుల నవమానించినచో నాట్యధర్మము, ఋషుల నవమానించినచో దురాచారము. ఒకే గ్రంథమున ఆద్యంతములయందు ఈ రెండు కథలు నిలిచియుండుట వ్యాఖ్యాతల దృష్టికి అంతగా రాకపోవుట నాకు ఎప్పుడును వింతగా దోచును.

ఆలంకారికులు ఈ పక్షపాతములోనికి పోలేదు. వామనుడు అశ్లీలమును వ్రీడ, జుగుప్స, అమంగళము అను మూడు కలిగించునదిగా విభజించి, లోకవ్యవహారముచే కప్పబడిన పదములకు దోషము లేదనెను. ‘భగిని’ యన్నప్పుడు ఎవ్వరును సిగ్గుపడరు గదా. మమ్మటుడు అధమపాత్రల సంభాషణమున గ్రామ్యము గుణమే యగునని చెప్పెను. పలుకువానిని బట్టి దోషము మారునని వీరనినది సత్యమే. కాని ఆ పలుకువాడు నాటకములోని పాత్రయే కాని నాటకము బయట నున్న అధికారి కాడు. పాత్రౌచిత్యమునకును పదవీగౌరవమునకును గల ఈ భేదమును విడిచినచో అలంకారశాస్త్రమంతయు పోలీసువారి చేతి కఱ్ఱయగును.

కాంచీపురమున క్రీస్తుశకము 7వ శతాబ్దారంభమున పల్లవరాజు మహేంద్రవర్మ రచించిన మత్తవిలాసము నిచట స్మరింపవలెను. కల్లు ద్రాగిన కాపాలికుడు, అతని సహచరి, బౌద్ధభిక్షువు, పాశుపతుడు, పిచ్చివాడు దాని పాత్రములు. పోయిన కపాలపాత్ర కొఱకు వారి కలహము. న్యాయస్థానమునకు పోదమన్నచో, విహారముల ధనమంతయు గల భిక్షువు అధికారుల నోళ్లు నింపగలడు, మనకేమున్నదని కాపాలికుని సహచరి యనును. ఆ న్యాయస్థానము కవియగు రాజుదియే. తన ధర్మాసనముపై తానే యొక చుఱక వేసికొనిన రాజు మన దేశమున 1400 సంవత్సరములకు ముందు ఉండెను. మహేంద్రవర్మ ప్రహసనమున రాజు పాత్రగా రాడనునది నిజమే. అంతమాత్రము చాలునని నేననను. కాని కలకత్తా కథ విన్న పిమ్మట అదియే గొప్పయనిపించును.

దీనబంధుమిత్రుడు నీలదర్పణ నాటకమును 1860లో ప్రకటించెను. నీలిమందు తోటల దొరలు రైతులచే బలవంతముగా నీలి సాగుచేయించి, కొట్టి, బంధించి, స్త్రీల మానమునకు హాని జేసిన వృత్తాంతమది. 1861లో దాని యాంగ్లానువాదమును మతబోధకుడైన జేమ్సు లాంగు ప్రకటింపజేసెను. తోటల దొరలును, వారి పక్షమున నున్న పత్రికవారును అపనింద యని అభియోగము దెచ్చిరి. ఆ సంవత్సరము జూలై మాసమున కలకత్తా సుప్రీముకోర్టున విచారణ జరిగెను. నాటకపీఠికలో రెండు ఆంగ్లపత్రికల సంపాదకులు ధనమునకు లొంగిరని సూచించుట ఒక నేరము. తోటల దొరలను ఒక వర్గముగా నిందించుట మఱియొక నేరము. లాంగునకు ఒక మాసము కారాగారమును, 1000 రూపాయల జరిమానాయు విధింపబడెను. వంగభాషలో మహాభారతమును అనువదింపజేసిన కాళీప్రసన్నసింహుడు ఆ ధనమును అక్కడికక్కడే చెల్లించెను.

ఇంతవఱకు ఎల్లరు నెఱిగినదే. ఎక్కువమంది తలపని సంగతి యొకటి యున్నది. ఆ విచారణ జేసిన న్యాయాధిపతి సర్ మార్డాంటు వెల్సు. అతడు అదివఱకే ధర్మాసనముపై గూర్చుండి, వంగీయులను జాతికి జాతినే అసత్యవాదులనియు, కూటపత్రములు సృష్టించు వారనియు పలుమాఱు దూషించియుండెను. ఒక వర్గమును నిందించుట నేరమని లాంగును చెఱసాలకు బంపిన నోరును, ఒక జాతిని నిందించిన నోరును ఒక్కటియే. 1861 ఆగస్టులో రాధాకాంతదేవుని గృహమున వంగీయప్రముఖులు గొప్ప సభ జేసి, ఈ న్యాయమూర్తిని తొలగింపవలెనని మహజరు సిద్ధపఱచిరి. ఆ దూషణములకు అతనిపై ఏ న్యాయస్థానమునను అభియోగము నడువలేదు. తోటల దొరలు వందలమంది, వంగీయులు కోట్లమంది. వర్గము చిన్నదైనకొలది గౌరవము పెద్దదగునేమో యని ఎవ్వరైన ననుకొనిన తప్పులేదు.

పదునొకండు సంవత్సరములు గడచినవి. 1872 డిసెంబరు 7వ తేదీన కలకత్తా జోడాసాంకోలో టిక్కెట్టు కొన్న ఎల్లరకు ప్రవేశము గల నేషనల్ థియేటరు, ఆ నీలదర్పణముతోనే తెరయెత్తెను. అర్ధేందుశేఖర ముస్తఫీ యను నటుడు అందు ప్రసిద్ధుడు. అదే కాలమున ఆంగ్లుల నాటకశాలలో డేవ్ కార్సన్ అను ప్రహసనకారుడు దొరలను, దొరసానులను కడుపుబ్బ నవ్వించుచుండెను. అమెరికాలో తెల్లవారు ముఖమునకు మసిపూసికొని నీగ్రోలను అనుకరించి పాడు వేడుక యొకటి యుండెను. ఆ పద్ధతి నభ్యసించి 1860 తరువాతి దశకమున మన దేశమునకు వచ్చిన యితడు, నీగ్రో వేషమునకు బదులు ‘బెంగాలీ బాబు’ వేషమును గట్టెను. చదువుకొన్న వంగీయుని ఆంగ్లోచ్చారణము, వేషము, వినయము, ఆశలు, అన్నియు ఆ పాటలో ఎగతాళియే. నేటికిని దాని పేరు నాటకచరిత్రలలో కనబడును.

ముస్తఫీ దీనికి కోర్టునకు పోలేదు. 1873లో తన రంగముపై ‘ముస్తఫీ సాహేబ్‌కా పక్కా తమాషా’ యని ప్రకటించి, తాను దొరవేషము గట్టి, దొరలు పలుకు వంకర హిందూస్థానీలో పాడి, కార్సనుని కార్సను పద్ధతిలోనే త్రిప్పికొట్టెను. వాక్పారుష్యమునకు ఇంతకంటె ధర్మమైన ప్రత్యుత్తరము నాకు దోపదు. రంగమునకు రంగము, నవ్వునకు నవ్వు. ఇరువురిని ఒకే త్రాసున దూచినచో ఇరువురును సమానముగా దోషులు, లేదా ఇరువురును నిర్దోషులు. ఆ సమయమున ప్రభుత్వము వారును ఊరకుండిరి. దేశీయులు తమలో తాము నవ్వుకొనుచున్నంతవఱకు వారికి బాధలేదు. 1875లో లక్నోలో నీలదర్పణ ప్రదర్శనమున రైతు దొరను కొట్టు ఘట్టము రాగా, చూచుచున్న తెల్లసిపాయిలు రంగముపైకి ఎగబ్రాకిరి, ఆట నిలిచిపోయినది. దైత్యులు విఘ్నము చేసిన తొలి ప్రయోగము వలెనే ఇదియు.

ఇక ముఖ్యఘట్టము. 1875 డిసెంబరులో వేల్సు యువరాజు కలకత్తాకు వచ్చెను. జగదానంద ముఖోపాధ్యాయుడను హైకోర్టు వకీలు యువరాజును భవానీపురములోని తన యింటికి బిలిచి, అంతఃపుర స్త్రీలచే శంఖధ్వనులతో స్వాగతమిప్పించెను. పరదా మిక్కిలిగా పాటింపబడిన ఆ నగరమున దీనికి అలజడి పుట్టినది. గ్రేట్ నేషనల్ థియేటరు వారు 1876 ఫిబ్రవరి 19వ తేదీన ‘గజదానంద, యువరాజు’ అను ప్రహసనమును ఆడిరి. పేరులో రెండు హల్లులను తారుమారు చేయుటచేతనే వకీలు ఏనుగైనాడు. పోలీసువారు ఆపిరి. నటులు ‘హనుమంత చరిత్ర’ యని పేరు మార్చి మరల ఆడిరి, దానిని ఆపిరి. అప్పటి పోలీసు కమిషనరు హాగ్, సూపరింటెండెంటు లాంబు. ఆంగ్లమున మొదటిపేరు పందిని, రెండవది గొఱ్ఱెపిల్లను స్ఫురింపజేయును. నటులు ‘పందిగొఱ్ఱెల పోలీసు’ అను అర్థము గల పేరుతో మూడవ ప్రహసనమును దింపిరి. శ్లేషాలంకారము రాజకీయమున ఇంతటి పని జేసిన సందర్భములు మన సాహిత్యచరిత్రలో అరుదు.

ఫిబ్రవరి 29వ తేదీననే వైస్రాయి నార్త్‌బ్రూకు, అపకీర్తికరములు, రాజద్రోహకరములు, అశ్లీలములు ఐన నాటకములను నిషేధించు అధికారమును వంగప్రభుత్వమునకిచ్చుచు ఆర్డినెన్సు వెలువరించెను. ఇక్కడ ఒక చిత్రము జరిగినది. మార్చి నెలలో దర్శకుడు ఉపేంద్రనాథదాసును, అమృతలాల్ బసును, మఱికొందఱిని పట్టుకొనినది గజదానందుని కొఱకు కాదు. ‘సురేంద్ర వినోదిని’ యను వేఱొక నాటకమున అశ్లీలమున్నదని! ఆ నాటకము ముందటి సంవత్సరమే ప్రదర్శింపబడినది. అప్పుడెవ్వరికిని అందు అశ్లీలము కనబడలేదు. ఆంగ్ల మేజిస్ట్రేటు ఒకడు ఒక దేశీయస్త్రీపై బలాత్కారమునకు దలపడగా ఆమె కిటికీనుండి దూకుట అందలి ఘట్టము. వామనుని విభాగమున జూచినచో ఇందు వ్రీడాకరమైనది దుష్కార్యమే కాని దానిని చెప్పిన వాక్కు కాదు. క్రింది న్యాయస్థానము ఇరువురకు ఒక్కొక్క మాసము శిక్ష విధించినది. హైకోర్టు ఆ నెలలోనే అశ్లీలము లేదని విడుదల జేసినది. ఆంగ్లన్యాయమూర్తులే యట్లు చేసిరని మఱువరాదు. త్రాసును సరిగా బట్టుకొనిన వారును వారిలో నుండిరి.

హైకోర్టు చేతిలో ఓడిన ప్రభుత్వము చట్టసభకు పోయెను. న్యాయశాఖాసభ్యుడు హాబ్‌హౌస్ బిల్లును ప్రవేశపెట్టుచు, తేయాకు తోటల దొరల క్రౌర్యమును జూపు ‘చాకర్ దర్పణము’ అను నాటకమును ఘోరమైన అపనిందగా నుదాహరించెను. యువరాజు కొఱకు పుట్టిన బిల్లున తోటల దొరల ఫిర్యాదు కూడ చేరినది. లాంగు కాలము నాటి వాదియే మరల వచ్చి కూర్చుండెనన్నమాట. ఆ సంవత్సరము డిసెంబరులో అది 19వ ఆక్టుగా, నాటకప్రదర్శనముల చట్టముగా నమలులోనికి వచ్చినది. అపకీర్తి కలిగించునవి, ప్రభుత్వముపై విముఖత పుట్టించునవి, ప్రేక్షకుల నీతిని చెఱచునవి నిషేధ్యములు. ఉల్లంఘించినవారికి మూడు మాసముల వఱకు చెఱ గాని, జరిమానా గాని, రెండును గాని. చివర నొక మినహాయింపు: జాత్రలకును, మతోత్సవములలోని అట్టి ప్రదర్శనములకును ఈ చట్టము వర్తింపదు. నీతిని చెఱచునది యెక్కడైనను చెఱచును గదా! ఊరి బైట తిరునాళ్లలో భాగోతులు ఎట్టి బూతులాడినను దొరతనమునకు బాధలేదు. నగరమున దీపాలముందు చదువుకొన్నవాడు నవ్వించినచో బాధ. రెండేండ్లకు 1878లో లిట్టను చేసిన దేశభాషాపత్రికల చట్టము ఇంకను స్పష్టము. ఒకే విమర్శ ఆంగ్లమున ముద్రింపబడినచో ఆ చట్టము తాకదు, వంగభాషలో ముద్రింపబడినచో పట్టుకొనును. అందుచేతనే అమృతబజారు పత్రిక రాత్రికి రాత్రి ఆంగ్లపత్రికగా మాఱినది. రిప్పను 1882లో దానిని రద్దుచేసెను. నాటకచట్టమును మాత్రము ముట్టలేదు.

ఇంత చెప్పినంతమాత్రమున గజదానంద ప్రహసనము నిర్మలమైనదని నేననను. ఒక గృహస్థుని యింటి స్త్రీలను అంగడికీడ్చిన రచన యది. వారు యువరాజును తాము పిలువలేదు. ఆ వకీలు అపకీర్తి దావా వేసియున్నచో న్యాయము ఆయన పక్షమున నుండెడిదేమో. నటుల పక్షము వారును రెండు త్రాసులకు అతీతులు కారు. అశ్లీలాభియోగమున పట్టుపడిన అమృతలాల్ బసు తరువాతి కాలమున గొప్ప ప్రహసనకారుడై, 1890లో ‘తాజ్జబ్ బ్యాపార్’ మున్నగు రచనలలో స్త్రీస్వాతంత్ర్యమును, చదువుకొన్న స్త్రీలను తెగ నవ్వులపాలు చేసెను. దానికి నగరమంతయు నవ్వినది. ఆ స్త్రీలకు ముస్తఫీ వలె తిరుగ నవ్వుటకు రంగము లేకుండెను.

ఈ మాట మనలను ఇంటికి దెచ్చును. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, లంచగొండులను, కన్యాశుల్కపు పెండ్లిండ్లను, వేశ్యాసంపర్కమును ప్రహసనములచే చీల్చి చెండాడెను. బ్రహ్మవివాహము, వ్యవహారధర్మబోధిని మొదలగువాని యందలి మొరటు మాటలకు ఆయన నెవ్వరును అశ్లీలకవి యనలేదు. అనదగదు కూడ, అవి పాత్రోచితములు. అట్టి పంతులుగారే కవులచరిత్రమున ముద్దుపళని రాధికాసాంత్వనమును దూషించుచు, స్త్రీ నోట రాదగని మాటలనిరి. తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమున నుండిన ఆ కవయిత్రి 584 గద్యపద్యముల కావ్యమును, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి వావిళ్లవారిచే ముద్రింపించెను. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా, పంతులుగారికి సమ్మతమైన వైజయంతీవిలాసమున ఇంతకంటె ఘోరమైన వర్ణనలు లేవా యని ఆమె పీఠికలో సూటిగా నడిగెను. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము వచ్చినట్లు కనబడదు. 1911లో నిషేధము మాత్రము వచ్చినది. శృంగారమున మన పురుషకవులు విడువని ఘట్టము లేదని పాఠశాలలో ప్రబంధము చెప్పు ప్రతి పండితునకు దెలియును. ఏ పద్యముల దగ్గర పుటలు రెండేసి త్రిప్పుదుమో మన కందఱకును దెలిసినదే. టంగుటూరి ప్రకాశముగారి మంత్రివర్గము చలువచే 1947లో ఆ నిషేధము తొలగినది, 1952లో కావ్యము మరల వెలువడినది. పంతులుగారి యెడల నాకు గల గౌరవము ఇందుచే తగ్గలేదు. ఒక దోషమును లోకమంతట పట్టగల కన్ను తన త్రాసులోని వాలును కనకపోవుట వింత కాదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1876 నాటి దండము క్రొత్త చేతులలోనికి వచ్చినది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు వ్రాసిన ‘మా భూమి’ పల్లెపల్లెను ఆడబడుచుండగా మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. తిరువాంకూరు–కొచ్చి ప్రభుత్వము 1953లో తోప్పిల్ భాసి నాటకమును నిషేధించుటకు వాడినది ఆ పాత చట్టమునే. నాడు నీలదర్పణమును మెచ్చుకొనినవారే నేడు భూమిని గూర్చిన నాటకమును చూచి జంకిరి. 1954లో మద్రాసు రాష్ట్రము తన స్వంత నాటకచట్టమునే చేసికొనినది. రామాయణమును పరిహసించి ఆడుచుండిన ఎం. ఆర్. రాధాను మనసున నుంచుకొనియే దానిని చేసిరని ప్రసిద్ధి. రాధా నాటకములు భక్తులకు నొప్పి గలిగించినవనుట నిజము. ఆ భక్తులలో నేనును ఒకడను. కాని అదే రంగములపై క్షురకుని, చాకలిని, పల్లెటూరి పనివానిని, నత్తివానిని ఎగతాళి చేసిన హాస్యపాత్రములు వందలుగా నాడినవి. వారి నొప్పి కొఱకు ఏ శాసనసభయు చట్టము చేయలేదు.

అలహాబాదు హైకోర్టు 1956లో, 1876 నాటి చట్టము రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. మద్రాసు చట్టమును మద్రాసు హైకోర్టు 2013లో కొట్టివేసెను. కేంద్రచట్టము అటుపిమ్మటను పుస్తకములలో నిలిచి, 2017లో పార్లమెంటు చేసిన రద్దుచట్టముచే 2018 జనవరిలో తొలగినది. నార్త్‌బ్రూకు ఆర్డినెన్సు మొదలు దీనికి నూట నలువది యొక్క సంవత్సరములకు పైగా పట్టినది.

అయితే ఉపేంద్రనాథదాసును పట్టుకొనినది ఈ చట్టము కాదు, అప్పటికింకను ఇది పుట్టలేదు. శిక్షాస్మృతిలోని అశ్లీలవిధిచే ఆతడు పట్టుపడెను. 1860 నాటి శిక్షాస్మృతి తొలగి 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినను ఆ విధి దానిలోనికి నడచివచ్చినది. బహిరంగస్థలమున అశ్లీలగీతములు పాడుటను, అశ్లీలపదములు పలుకుటను శిక్షించు దాని 296వ విభాగమున అశ్లీలమనగా నేమో నిర్వచనము, పాతదానిలో వలెనే, క్రొత్తదానిలోను లేదు.